పాము విషం, మూలికా నిరోధకాలు: ఇల్లందు అటవీ సరిహద్దులో విస్తరణ శాస్త్రం చెప్పవలసిన మాట

ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం అడవులు మొదలయ్యే చోట ఇల్లందు ఉన్నది. 1871లో విలియం కింగ్ ఇక్కడ బొగ్గు నిక్షేపాలను గుర్తించగా, 1889లో తవ్వకం ప్రారంభమయినది. అందువల్ల ఈ ఊరు సింగరేణికి పుట్టినిల్లుగా ప్రసిద్ధి చెందినది. అయితే గనుల పట్టణం దాటి టేకులపల్లి, గుండాల, ఆళ్లపల్లి వైపు సాగితే కనిపించేది వేరొక జీవనం. అక్కడి కోయ, లంబాడా కుటుంబాలకు నేటికీ ఆధారం సేద్యము, అడవి. పత్తి, వరి, మొక్కజొన్న, మిరప చేలు అడవి అంచును ఆనుకొని ఉంటాయి. తొలకరి పడి దుక్కులు మొదలయ్యే కాలమే పాములు విరివిగా తిరిగే కాలం కూడ.

ఇటువంటి ప్రాంతాలలో వాడుకలో ఉన్న మూలికలపై జీవరసాయన పరిశోధన గత నాలుగు దశాబ్దాలుగా సాగుతున్నది. ఫలానా వేరు కషాయం ఫలానా విషంలోని ఎంజైమును ఇంతశాతం నిరోధించినదని తెలిపే వ్యాసాలు మన దేశంలోనే అనేకం వెలువడినవి. ఆ ఫలితాలలో చాలా భాగం నిజమైనవే. చిక్కు ఎక్కడ వస్తున్నదనగా, ప్రయోగశాలలో 'నిరోధకం' అయినది పొలం గట్టుకు చేరేసరికి 'మందు' అవుతున్నది. ఈ మాట మార్పుకు మూల్యం చెల్లించేది వ్యాసకర్త కాదు, కాటుకు గురైన కూలీ. ఈ రెండు మాటలను వేరువేరుగా నిలిపి చెప్పవలసిన బాధ్యత ప్రధానంగా వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తలపై ఉన్నదని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది వ్యవసాయ సమస్య

పాముకాటును వైద్యశాఖకు చెందిన అంశంగా భావించి వ్యవసాయ పరిశోధన పక్కన పెట్టుట పరిపాటి. గణాంకాలు ఈ భావనను సమర్థించవు. 2020లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది మరణించినారు. సగటున ఏడాదికి 58,000 మంది. వీటిలో సుమారు 70 శాతం మరణాలు ఎనిమిది రాష్ట్రాలలోనే సంభవించగా, తెలంగాణను కలుపుకొన్న నాటి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. మరణాలలో దాదాపు సగం జూన్ నుండి సెప్టెంబరు లోపల జరిగినవి. అనగా వానాకాలపు పంట పనులు ముమ్మరంగా ఉన్నపుడే. ఈ దేశంలో పాముకాటు ప్రధానంగా వృత్తి ప్రమాదము. ఆ వృత్తి సేద్యము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చినది. 2030 నాటికి మరణాలను, వైకల్యాలను సగానికి తగ్గించాలని 2019లో లక్ష్యం ప్రకటించినది. భారత ప్రభుత్వం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసినది. తెలంగాణలో 2018 నుండి అమలులో ఉన్న రైతు బీమా, మరణకారణం ఏదైనప్పటికీ అర్హుడైన రైతు కుటుంబానికి 5 లక్షల రూపాయలు అందిస్తున్నది. అయితే పట్టా లేని కౌలు రైతుకు, కలుపు తీయ వచ్చిన కూలీకి ఆ పథకం వర్తించదు. కాటు మాత్రం పట్టాదారు పాసుపుస్తకం చూసి పడదు. కనుక ఈ వర్గాల విషయంలో నివారణ తప్ప వేరొక రక్షణ లేదు.

విషం ఒక పదార్థం కాదు

పాము విషమనగా ఒకే విషపదార్థం కాదు. పదుల సంఖ్యలో ఎంజైములు, పెప్టైడుల మిశ్రమం. ఈ సంగతి స్పష్టంగా తెలియనంతవరకు 'విషానికి విరుగుడు చెట్టు' అనే భావన సహజంగానే తోస్తుంది.

రక్తపింజరి విషంలోని మెటాలోప్రోటీనేజు ఒకటి రక్తం గడ్డకట్టే క్రమంలోని పదవ కారకాన్ని, సెరీన్ ప్రోటియేజు ఒకటి ఐదవ కారకాన్ని ఉత్తేజపరుస్తాయి. రక్తనాళాలలో సూక్ష్మమైన గడ్డలు ఏర్పడి, రక్తంలోని ఫైబ్రినోజెన్ ఖర్చయిపోతుంది. తరువాత రక్తం గడ్డకట్టక చిగుళ్ల నుండి, మూత్రంలో స్రవిస్తుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. చిన్నపింజరి విషంలోని ఎకారిన్ నేరుగా ప్రోత్రాంబిన్‌పై పనిచేస్తుంది. నాగుపాము విషంలోని చిన్న పెప్టైడులు కండరంపై గల ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను ఆక్రమించి పక్షవాతం కలిగిస్తాయి. మరికొన్ని కాటు చోట కండరాన్ని కుళ్లజేస్తాయి. కట్లపాము విషంలో ఫాస్ఫోలైపేజ్ ఏ2 భాగంగా గల బంగారోటాక్సిన్ నాడీ చివరలనే ధ్వంసం చేస్తుంది. అవి తిరిగి ఏర్పడేవరకు రోగిని కృత్రిమ శ్వాసపై నిలుపుట తప్ప మార్గం ఉండదు. వీటికి తోడు హయాలురోనిడేజు కణజాలపు బంధనాన్ని కరిగించి మిగిలిన విషానికి దారి చేస్తుంది.

ఈ మిశ్రమం ఒకే జాతి పాములో కూడ ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మన దేశంలో విషనిరోధక ద్రవం తయారీకి కావలసిన విషంలో అధికభాగం చెన్నై సమీపంలోని వడనెమ్మెలిలో 1978లో ఏర్పడిన ఇరుల పాములు పట్టేవారి సహకార సంఘం నుండి వస్తున్నది. ఆ విషంతో తయారయిన ద్రవం వివిధ ప్రాంతాల పాముల విషాలపై సమానంగా పనిచేయడం లేదని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు చూపినారు. ఇల్లందు పొలాలలోని రక్తపింజరికి ఈ ప్రశ్నను ప్రత్యేకంగా వేయవలసి ఉన్నది.

మూలికలలో నిజమెంత?

మూలికా విజ్ఞానాన్ని మూఢనమ్మకమని కొట్టివేయుట శాస్త్రీయం కాదు. మైసూరు విశ్వవిద్యాలయ పరిశోధకులు అశ్వగంధ నుండి వేరుచేసిన గ్లైకోప్రోటీన్ నాగుపాము విషంలోని ఫాస్ఫోలైపేజ్ ఏ2ను, హయాలురోనిడేజును నిరోధించినది. సుగంధిపాల వేరులోని ఒక చిన్న ఆమ్లం పింజరి విషప్రభావాన్ని ఎలుకలలో తగ్గించినట్లు కోల్‌కతా పరిశోధకులు 1990వ దశకంలోనే తెలిపినారు. చింతగింజ సారం, వావిలి, ఉసిరి వేళ్లపై కూడ ఇటువంటి ఫలితాలు ఉన్నవి. నైజీరియాలో దూలగొండి గింజలను పాముకాటు రక్షణకై ముందుగా మింగే ఆచారం ఉన్నది. ఆ గింజలోని ప్రోటీన్‌కు వ్యతిరేకంగా ఏర్పడే ప్రతిరక్షకాలు చిన్నపింజరి విషంలోని ప్రోటీన్లను కూడ గుర్తించుట ప్రయోగాలలో వెల్లడయినది. అయితే ఆ రక్షణ ఎలుకలలో వారాల ముందు ఇచ్చినపుడు కనిపించినదే గాని, కాటు పడిన తరువాత ఇచ్చి సాధించినది కాదు.

ఇవన్నీ విలువైన పరిశీలనలే. కాని వీటిలో ఏదియు నేటివరకు కాటుపడిన మనిషిపై క్రమబద్ధమైన పరీక్షలో నెగ్గి మందుగా అంగీకారం పొందలేదు.

ఈశ్వరి చెప్పే పాఠం

ఈ అంతరాన్ని బోధించుటకు ఈశ్వరి తీగను మించిన ఉదాహరణ లేదు. తెలుగునాట పాముకాటుకు దీని వేరును వాడుట చిరకాలంగా ఉన్నది. ఇందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం రక్తపింజరి విషంలోని ఫాస్ఫోలైపేజ్ ఏ2ను నిరోధిస్తుందని 1980వ దశకంలో మైసూరు పరిశోధకులు నిరూపించినారు. 2002లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు ఆ ఎంజైము క్రియాస్థానంలో ఈ అణువు ఏ విధంగా ఇమిడి ఉన్నదో స్ఫటిక నిర్మాణం ద్వారా చూపినారు. సంప్రదాయ జ్ఞానానికి అణుస్థాయిలో లభించిన సమర్థన ఇంతకంటె స్పష్టంగా మరొకచోట దొరకదు. కథ ఇక్కడ ఆగినట్లయితే ఈశ్వరి వేరును ప్రతి రైతు ఇంట ఉంచుకొమ్మని సలహా ఇవ్వవచ్చును.

కాని అదే ఆమ్లం మూత్రపిండాలను శాశ్వతంగా పాడుచేస్తుంది. 1990వ దశకం ఆరంభంలో బెల్జియంలో బరువు తగ్గుటకు ఇచ్చిన మూలికా మాత్రలలో ఈశ్వరి జాతికి చెందిన మొక్క పొరపాటున కలిసినందువల్ల వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు చెడినవి. కొందరికి తరువాత మూత్రనాళాలలో క్యాన్సర్ ఏర్పడినది. డాన్యూబ్ నదీతీర గ్రామాలలో తరతరాలుగా కారణం తెలియక వేధించిన మూత్రపిండ వ్యాధికి మూలం గోధుమ చేలలో కలుపుగా పెరిగే ఇదే ప్రజాతి మొక్క అని తదుపరి పరిశోధన తేల్చినది. కోతలో దాని గింజలు గోధుమలతో కలిసి పిండిలోకి చేరినవి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అరిస్టోలోకిక్ ఆమ్లాన్ని మనుషులలో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చినది.

రక్తపింజరి కాటు సహజంగానే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అటువంటి రోగికి మూత్రపిండాలకే హానిచేసే వేరును ఇచ్చుట ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు. పరీక్షనాళికలో నిజమైన ఫలితమే శరీరంలో అపాయం కాగలదు. కలుపు మొక్కలను, ఆహారంలోని విషపదార్థాలను బోధించే వ్యవసాయ కళాశాలలు ఈ పాఠాన్ని తమదిగా స్వీకరించవలెను.

పరీక్షలోని లోపాలు

విద్యార్థులు ఇటువంటి వ్యాసాలను చదివేటపుడు నాలుగు అంశాలను తప్పక పరిశీలించవలసి ఉన్నది.

మొదటిది క్రమం. సాధారణంగా విషాన్ని, మూలికా సారాన్ని ముందుగా కలిపి, కొంతసేపు ఉంచి, తరువాత ఎలుకలోకి ఎక్కిస్తారు. పొలంలో విషం ముందు ప్రవేశిస్తుంది, మందు గంటల తరువాత వస్తుంది. విషం ముందు, సారం తరువాత అనే వరుసలో చేసిన ప్రయోగమే క్షేత్రపరిస్థితికి దగ్గరైనది.

రెండవది టానిన్లు. బెరడు, గింజ సారాలలో విరివిగా ఉండే టానిన్లు ఏ ప్రోటీన్‌నైనా అవక్షేపింపజేయగలవు. పరీక్షనాళికలో అవి ప్రతి ఎంజైమునూ 'నిరోధిస్తాయి'. టానిన్లను తొలగించి తిరిగి పరీక్షించని ఫలితానికి ప్రత్యేకత ఆపాదించరాదు.

మూడవది మార్గం. ప్రోటీన్ స్వభావం గల నిరోధకాన్ని నోటిద్వారా ఇచ్చినచో జీర్ణాశయం దానిని ఆహారంగా భావించి జీర్ణం చేస్తుంది. పైగా నాగుపాము, కట్లపాము కాట్లలో మింగే కండరాలు చచ్చుబడతాయి. అప్పుడు పోసిన పసరు ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది.

నాల్గవది ఒకే ఎంజైముపై పరీక్ష. విషంలో పదుల సంఖ్యలో క్రియాశీల పదార్థాలు ఉన్నపుడు ఒకదానిని ఆపుట విషాన్ని ఆపుట కాదు. ఫాస్ఫోలైపేజ్ ఏ2ను నిరోధించే వారెస్ప్లాడిబ్ అనే కృత్రిమ అణువును కూడ ఈ కారణంచేతనే విషనిరోధక ద్రవానికి తోడుగా మన దేశంలోను, అమెరికాలోను రోగులపై పరీక్షించినారు. మూలిక నుండి వచ్చే అణువు కూడ ఈ మార్గంలోనే నడవవలెను. దానికి దగ్గరిదారి లేదు.

పసరు వైద్యుని విషయంలో

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ వస్తుంది. వాగు పొంగి దారి తెగిన రాత్రి గుండాల వైపు గూడెంలో కాటు పడినచో అందుబాటులో ఉండేది పసరు వైద్యుడే గదా, అతనిని కాదనుట ఎట్లని. అతని చేతిలో అనేకులు బతికినారని గ్రామస్థులు చెప్పేది కూడ అబద్ధం కాదు. కాటువేసిన పాములలో చాలావాటికి విషం ఉండదు. విషసర్పం కూడ కొన్నిసార్లు విషం ఎక్కించకుండానే కరుస్తుంది. అటువంటి వారు ఏ చికిత్సకైనా బతుకుతారు. ఆ కీర్తి పసరుకు దక్కుతుంది. నిజంగా విషం ఎక్కిన రోగి అదే నమ్మకంతో అక్కడ గడిపిన రెండు మూడు గంటలు తిరిగి రావు. కట్లపాము విషం నాడీ చివరలకు పట్టిన తరువాత విషనిరోధక ద్రవం కూడ దానిని వెనుకకు మరల్చలేదు.

అయినను పసరు వైద్యుని పరిహసించుట వల్ల ఫలితం శూన్యం. గూడెంలో మొదటి కబురు చేరేది అతనికే. ఆ స్థానాన్ని ఆసుపత్రికి పంపే స్థానంగా మార్చుకొనుట విస్తరణ నైపుణ్యం. కదలకుండా పడుకోబెట్టుట, కాటుపడిన అవయవానికి బద్ద కట్టి కదలనీయకపోవుట, కాటు సమయం గుర్తుంచుకొనుట, 108కు కబురు చేయుట అతనికి నేర్పవచ్చును. బిగించి తాడు కట్టుట, కోయుట, పీల్చుట, నోట పసరు పోయుట మాన్పించవలెను. మంత్రం చదివినచో చదవనిమ్ము, బండి మాత్రం ఆగరాదు. అడవి ప్రాంతంలో ఎదిగిన సేవాభావాన్ని గౌరవిస్తూనే ఈ మాట చెప్పవచ్చును. 2022లో కొత్తగూడెంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడిన తరువాత జిల్లాలోనే ఉన్నత వైద్యం దిశగా అడుగు పడినది. అక్కడికి రోగి సకాలంలో చేరుట గూడెంలోని మొదటి పావుగంటపై ఆధారపడి ఉన్నది.

మన దేశపు విషనిరోధక ద్రవం ప్రమాణం తెలిసినదే. ఒక మిల్లీలీటరు నాగుపాము, రక్తపింజరి విషాలను 0.6 మిల్లీగ్రాముల చొప్పున, కట్లపాము, చిన్నపింజరి విషాలను 0.45 మిల్లీగ్రాముల చొప్పున నిర్వీర్యం చేయవలెను. లోపాలు ఉన్నప్పటికీ కొలత ఉన్న మందు ఇది ఒక్కటే. పసరుకు అటువంటి కొలత లేదు. ఈ ఒక్క వ్యత్యాసాన్ని రైతుకు అర్థమయ్యేటట్లు చెప్పగలిగిన వారే మంచి విస్తరణ శాస్త్రవేత్తలు.

వ్యవసాయ విశ్వవిద్యాలయం చేయదగినది

మందు తయారీ వ్యవసాయ విశ్వవిద్యాలయం పని కాదు. అంతమాత్రాన ఎంజైముల శాస్త్రం మనకు దూరమైనది కాదు. విషంలోని ప్రోటియేజులు, శనగపచ్చ పురుగు జీర్ణకోశంలోని ప్రోటియేజులు ఒకే శాస్త్రానికి చెందిన ప్రశ్నలు. కంది గింజలలోని బౌమన్–బిర్క్ నిరోధకాలపై హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పరిశోధన జరిగినది. 1987లోనే అలసంద ట్రిప్సిన్ నిరోధక జన్యువును పొగాకు మొక్కలో ప్రవేశపెట్టి పురుగును తట్టుకొనే శక్తిని చూపినారు. పురుగులు నిరోధకానికి లొంగని ఎంజైములను ఉత్పత్తి చేసి తప్పించుకొనుట కూడ తరువాత వెల్లడయినది. ఆస్ట్రేలియా సాలీడు విషపు పెప్టైడు ఆధారంగా తయారయిన కీటకనాశినికి 2014లో అమెరికా పర్యావరణ సంస్థ అనుమతి లభించినది. అడవి అంచు మొక్కలలోని నిరోధకాలను పాముకాటు మందుగా గాక సస్యరక్షణ దృష్టితో పరిశీలించినచో, పొరపాటు జరిగినా నష్టపోయేది కొంత పంట మాత్రమే గాని ప్రాణం కాదు. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల విద్యార్థులకు ఇది చేతికందే పరిశోధనాంశం.

ఆ పరిశోధనకు రెండు షరతులు ఉండవలెను. మొక్కను, దాని ఉపయోగాన్ని చూపిన కోయ కుటుంబానికి 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం అంగీకారపు హక్కు, ప్రయోజనంలో వాటా ఉన్నవి. కేరళలో కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ మొక్క విషయంలో అటువంటి వాటా ఇచ్చిన పూర్వోదాహరణ ఉన్నది. భూమిలోని బొగ్గును గుర్తించినవారి పేరు చరిత్రలో నిలిచినది. అడవిలోని మొక్కను గుర్తించినవారి పేరు మాత్రం వ్యాసంలో 'స్థానికులు' అనే ఒక్క మాటతో ముగియరాదు. రెండవది, పామును పట్టుట, విషం తీయుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి లేనిదే జరుగరాదు. కిన్నెరసాని అభయారణ్యం పక్కనే ఉన్న ఈ ప్రాంతంలో ఈ నియమం మరింత ముఖ్యం. స్థానిక విషాల వైవిధ్యాన్ని తెలుసుకొనుటకు అటవీ, వైద్య, వ్యవసాయ శాఖలు కలిసి అనుమతితో చేసే అధ్యయనమే తగిన మార్గం.

పరిశోధన పత్రికలకు కూడ ఒక నియమం అవసరం. మనుషులపై పరీక్ష జరుగని మూలికా ఫలితాన్ని ప్రచురించేటపుడు సారాంశంలోనే 'ఇది చికిత్సకు సిఫారసు కాదు' అని తెలుగులో పేర్కొనవలెను. విస్తరణ కరపత్రాలు, ఆకాశవాణి ప్రసంగాలు ఎక్కువగా సారాంశాల నుండే తయారవుతాయి.

పొలానికి చేరవలసిన సందేశం

కొత్తగూడెం కృషి విజ్ఞాన కేంద్రం, మండలాల రైతువేదికలు వానాకాలం ముందు జరిపే సమావేశాలలో విత్తనం, ఎరువులతో పాటు పది నిమిషాలు ఈ అంశానికి కేటాయించవచ్చును. చెప్పవలసినది కొద్దియే. దుక్కిలో, నాట్లలో, కోతలో మోకాలి వరకు వచ్చే బూట్లు ధరించవలెను. రాత్రి మోటారు వేయుటకు పోవువారు టార్చి, కర్ర లేనిదే కదలరాదు. పత్తికట్టె, వరిగడ్డి కుప్పలను ఇంటి గోడకు ఆనించరాదు. ధాన్యం చుట్టూ ఎలుకలు చేరినచోటికే పాము వస్తుంది. నేలపై పడుకొనుట మాని మంచంపై దోమతెర దోపుకొని పడుకొన్నచో కట్లపాము బెడద తగ్గుతుంది. నేపాల్ తరాయి ప్రాంతంలో దోమతెర ఉపయోగాన్ని పరిశోధన నిర్ధారించినది. తెల్లవారుజామున కారణం తెలియని కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలుతున్నట్లయితే, గాటు కనిపించకపోయినా ఆసుపత్రికి పోవలెను.

ఎరువు మోతాదును కిలోలలో చెప్పుటకు వెనుకాడని విస్తరణ వ్యవస్థ, ఈ మాటను కూడ అంత నిస్సందేహంగా చెప్పగలగాలి. మొక్కపై గౌరవం ప్రయోగశాలలో చూపవచ్చును. కాటుపడిన మనిషిని మాత్రం ఆసుపత్రికే పంపవలెను. ఈ రెండింటిలో దేనినీ మరొకదానికై వదులుకోనవసరం లేదు.